కోటి ప్రశ్న ముందు ఆగాలా, ఆడాలా? టీవీ క్విజ్ షోల లోపలి లెక్క

క్లుప్తంగా

టీవీ క్విజ్ షోలో గెలుపును విజ్ఞానం ఒక్కటే తేల్చదు. వ్యాఖ్యాత ఎదురుగా పోటీదారు కూర్చునే హాట్ సీట్ దాకా చేర్చేవి అదృష్టం, వడపోత, వేళ్ల వేగం. అక్కడ కూర్చున్నాక డబ్బు నిలబెట్టేది ఏ ప్రశ్న దగ్గర ఆగాలో తెలిసిన నిబ్బరం. బహుమతుల అమరిక వల్ల కొన్ని ప్రశ్నలకు జవాబు తెలియకపోయినా చెప్పి తీరాలి. కొన్నింటికి సగం నమ్మకం ఉన్నా వదిలేయడమే మేలు. ఇక కోటి గెలిచినా పన్ను పోగా మిగిలేది 66 లక్షల లోపే.

చూసేవారికి కలిగే అయోమయం

50 లక్షల దాకా వచ్చిన పోటీదారు కోటి రూపాయల ప్రశ్న చూసి, రెండు ఆప్షన్ల మధ్య కాసేపు ఊగిసలాడి, చివరికి ఆట చాలిస్తున్నట్టు చెబుతారు. ఆడి ఉంటే ఏది ఎంచుకునేవారని వ్యాఖ్యాత అడుగుతారు. చెప్పిన జవాబే సరైనదని తేలుతుంది. మర్నాడు దాని మీదే చర్చ. అంత దాకా వచ్చి భయపడటమేమిటని కొందరు అంటే, ఇదంతా ముందే రాసిపెట్టుకున్న నాటకమని మరికొందరు తేల్చేస్తారు. ఆట నిర్మాణాన్ని దగ్గరగా చూస్తే ఈ రెండు మాటల్లోనూ పస తక్కువని తెలుస్తుంది.

ఇంట్లో కూర్చుని చూసేవారికి తప్పు జవాబు వల్ల పోయేదేమీ ఉండదు. పైగా చెప్పగలిగిన ప్రశ్నలు గుర్తుంటాయి, చెప్పలేనివి అప్పుడే మరుగున పడతాయి. అసలు ఇబ్బంది వరసలో ఉంది. ప్రతి ప్రశ్నకూ జవాబు తెలిసి ఉండే అవకాశం 90 శాతం ఉన్నవారు కూడా 15 ప్రశ్నలను ఒక్కటీ తప్పకుండా దాటే అవకాశం 21 శాతం లోపే. అదే 80 శాతమైతే మూడున్నర శాతానికి పడిపోతుంది. నిజానికి ప్రశ్నలు పైకి వెళ్లే కొద్దీ కఠినమవుతాయి కనుక అసలు అవకాశం ఇంకా తక్కువ. జవాబు తెలియనప్పుడు సాయం తీసుకునే లైఫ్ లైన్లు ఉన్నది ఈ జారుడు వేగాన్ని తగ్గించడానికే.

ఆట ఎక్కడ పుట్టింది

ఇప్పుడు మన ఛానళ్లలో కనిపించే రూపానికి పుట్టిల్లు బ్రిటన్. 1998 సెప్టెంబరు 4న ఐటీవీలో క్రిస్ టారంట్ వ్యాఖ్యాతగా 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' మొదలైంది. దాని ఆర్థిక సూత్రం చాలా తెలివైనది. పోటీలో చేరాలనుకునేవారు ఎక్కువ ఛార్జీ పడే ఫోన్ నంబరుకు కాల్ చేయాలి. ఆ కాల్స్ ఆదాయంలోంచే బహుమతి సొమ్ము సమకూరుతుంది. అంటే లక్షల మంది చెల్లించే చిన్న మొత్తాల మీద ఒకరికి దక్కే పెద్ద మొత్తం నిలబడుతుంది. ఈ సూత్రం వల్లే అంతకు ముందు టీవీలో ఊహించని 10 లక్షల పౌండ్ల బహుమతి సాధ్యమైంది.

మన దేశానికి ఇది 2000 జులై 3న స్టార్ ప్లస్‌లో 'కౌన్ బనేగా కరోడ్‌పతి'గా వచ్చింది. అమితాబ్ బచ్చన్ వ్యాఖ్యాత, సిద్ధార్థ బసు నిర్మాణ బాధ్యత. దూరదర్శన్‌లో 1985 నాటి 'క్విజ్ టైమ్' నుంచి క్విజ్‌నే వృత్తిగా చేసుకున్న బసు చేతిలో పడటం ఈ కార్యక్రమానికి కలిసి వచ్చింది. అయితే కళాశాల జట్లు తలపడే పాత క్విజ్‌కూ దీనికీ పోలిక పైపైనే. పాత క్విజ్‌లో ప్రత్యర్థి పక్క బల్ల మీద ఉండేవాడు. ఇక్కడ పోటీదారుకు ఎదురు నిలిచేది తన చేతికి అప్పటికే వచ్చిన డబ్బే.

తెలుగులో ఇదే ఆట 2014 జూన్‌లో మా టీవీలో నాగార్జున వ్యాఖ్యాతగా 'మీలో ఎవరు కోటీశ్వరుడు' పేరుతో మొదలైంది. 2017లో నాలుగో సీజన్‌ను చిరంజీవి నడిపించారు. 2021 ఆగస్టులో జెమినీ టీవీ 'ఎవరు మీలో కోటీశ్వరులు' పేరుతో జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా తిరిగి తెచ్చింది. ఆ ఏడాది నవంబరులో ఒక పోలీస్ సబ్ ఇన్‌స్పెక్టర్ కోటి రూపాయలు గెలిచారు.

హాట్ సీట్‌కు ముందు మూడు గడపలు

తెర మీద కనిపించేది ఆఖరి దశ మాత్రమే. మొదటి గడప నమోదు. టీవీలో అడిగిన ప్రశ్నకు ఎస్‌ఎంఎస్ ద్వారానో, ఫోన్ ద్వారానో, ఈ మధ్య కాలంలో యాప్ ద్వారానో జవాబు పంపాలి. ప్రశ్న సాధారణంగా సులువుగానే ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ వడగట్టడం కంటే జనాన్ని పోగు చేయడం ముఖ్యం. సరైన జవాబు పంపినవారిలోంచి కంప్యూటర్ యాదృచ్ఛికంగా కొందరిని ఎంచుకుంటుంది. ఈ మెట్టు దగ్గర విజ్ఞానానికి ఉన్న విలువ స్వల్పం.

రెండో గడప ఆడిషన్. ఇక్కడ జనరల్ నాలెడ్జ్ పరీక్షతో పాటు వ్యక్తిగత ఇంటర్వ్యూ ఉంటుంది. నిర్మాతలు వెతికేది పండితుడిని కాదు, తెర మీద గంట సేపు ప్రేక్షకుల్ని కూర్చోబెట్టగల మనిషిని. చిన్న ఊరి నేపథ్యం, ఇంటి అప్పు, చెల్లెలి పెళ్లి, సగంలో ఆగిన చదువు లాంటివి కార్యక్రమానికి కథనిస్తాయి. దీన్ని మోసమనడం సరికాదు, ఎంపికలో ఈ కోణం ఉందని దాచే ప్రయత్నమూ పెద్దగా జరగదు. కానీ అన్నీ తెలిసినా ఆడిషన్లో ముభావంగా కూర్చునేవారు వెనకబడిపోవడానికి ఇదే కారణం.

మూడోది 'ఫాస్టెస్ట్ ఫింగర్ ఫస్ట్'. మామూలుగా పది మంది ఉంటారు. నాలుగు అంశాలను సరైన వరసలో పేర్చాలి, అందరికంటే ముందు పేర్చినవారికి హాట్ సీట్. నాలుగు అంశాలను 24 రకాలుగా పేర్చవచ్చు కనుక గుడ్డిగా నొక్కి గెలిచే వీలు దాదాపు లేదు. అయితే ప్రశ్న సులువైతే పది మందిలో ఆరేడుగురికి జవాబు తెలుస్తుంది, అప్పుడు గెలుపు సెకనులో పదో వంతు తేడా మీద ఆధారపడుతుంది. ప్రశ్న చదువుతున్నప్పుడే మొదటి, చివరి అంశాలను తేల్చుకుని, తెర మీద ఆప్షన్లు రాగానే వేలు కదిపేవారికి ఇక్కడ మొగ్గు. ఇది సాధనతో వచ్చేదే. పుస్తకాలు చదివి సిద్ధమయ్యేవారు మాత్రం దీన్ని దాదాపు పట్టించుకోరు.

బహుమతుల నిచ్చెనలో దాగిన ఉపాయం

భారతీయ రూపంలో బాగా స్థిరపడిన వరసలో పదో ప్రశ్న విలువ 3.20 లక్షలు. ఆ తర్వాత 6.40 లక్షలు, 12.50 లక్షలు, 25 లక్షలు, 50 లక్షలు, కోటి. 3.20 లక్షలు భద్రమైన మజిలీ. అది దాటాక ఎక్కడ తప్పినా అక్కడికే వచ్చి ఆగుతారు. కింద 10,000 దగ్గర మరో మజిలీ ఉంటుంది. సీజన్లను బట్టి వరసలో మార్పులు వచ్చినా సూత్రం ఇదే.

ఈ అమరికలోంచి మొదటి నియమం దానంతటదే వస్తుంది. మజిలీ దాటిన వెంటనే వచ్చే ప్రశ్నకు జవాబు తెలియకపోయినా చెప్పాలి. చేతిలో 3.20 లక్షలు ఉండి 6.40 లక్షల ప్రశ్న ఎదురైతే, తప్పు చెప్పినా 3.20 లక్షలకు ఢోకా లేదు. పోయేది ఏమీ లేని చోట వెనక్కి తగ్గడం అర్థం లేని పని. అయినా తటపటాయించి ఆట చాలించేవారు అప్పుడప్పుడు కనిపిస్తారు. ఆట మొత్తంలో ఇంతకంటే స్పష్టమైన పొరపాటు మరొకటి లేదు.

అక్కడి నుంచి పైకి వెళ్లే కొద్దీ పరిస్థితి తిరగబడుతుంది. చేతిలో 12.50 లక్షలు ఉన్నాయి, ప్రశ్న 25 లక్షలది. తప్పితే 3.20 లక్షలకు పడతారు, అంటే పోయేది 9.30 లక్షలు. ఒప్పయితే అదనంగా వచ్చేది 12.50 లక్షలు. సగటు లాభనష్టాల ప్రకారం చూస్తే జవాబు మీద కనీసం 43 శాతం నమ్మకం ఉంటేనే ఆడటం గిట్టుబాటు. 50 లక్షల దగ్గర కోటి ప్రశ్నకు ఈ హద్దు 48 శాతానికి చేరుతుంది. ఒక్క తప్పు జవాబుతో 46.80 లక్షలు కరిగిపోతాయి, వైకుంఠపాళిలో పెద్ద పాము నోట పడ్డట్టే.

కోటి తర్వాత 7 కోట్ల ప్రశ్న వచ్చే హిందీ రూపంలో లెక్క మరింత విచిత్రంగా ఉంటుంది. తప్పితే 3.20 లక్షలకు పడినా, గెలిస్తే వచ్చేది ఏడింతలు కాబట్టి సగటు లెక్క ప్రకారం 14 శాతం నమ్మకం చాలు. అంటే నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి ఎంచుకున్నా 25 శాతం అవకాశం ఉంది కనుక ఆడటమే లాభమని ఈ లెక్క చెబుతుంది. బుద్ధి ఉన్నవారెవరూ ఆ పని చేయరు. ఇక్కడ లెక్కలో తప్పు లేదు. కానీ సగటు అనేది వందల సార్లు ఆడేవారికి పనికొచ్చే కొలత. హాట్ సీట్ మీద కూర్చున్న మనిషి ఆడేది ఒక్కసారే.

1738లో స్విస్ గణితవేత్త డేనియల్ బెర్నూలీ ఈ చిక్కుకు దారి చూపాడు. మొదటి లక్ష మనిషి జీవితాన్ని మార్చినంతగా నూరో లక్ష మార్చదు, కాబట్టి డబ్బును రూపాయల్లో కాకుండా అది ఇచ్చే సంతృప్తిలో కొలవాలన్నాడు. ఉన్న ఆస్తి రెట్టింపైన ప్రతిసారీ సంతృప్తి ఒకే మేరకు పెరుగుతుందని అనుకుందాం. పోటీదారు ఆస్తి ముందే 10 లక్షలు ఉందనుకుందాం. అప్పుడు 25 లక్షల ప్రశ్నకు కావలసిన నమ్మకం 43 నుంచి 55 శాతానికి పెరుగుతుంది. కోటి ప్రశ్నకు 48 నుంచి 71 శాతానికి, 7 కోట్ల ప్రశ్నకు 14 నుంచి 53 శాతానికి ఎగబాకుతుంది. రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడుతూ 50 లక్షలతో ఆట చాలించిన పోటీదారు పిరికివాడు కాదు, 71 శాతం కావలసిన చోట తన దగ్గర 50 శాతమే ఉందని గుర్తించినవాడు. తర్వాత ఆ ఊహ నిజమని తేలడం వల్ల నిర్ణయం తప్పు అయిపోదు.

ఇందులో ఆస్తి పాత్ర కీలకం. ఆస్తి తక్కువ ఉన్నవారికి ఈ హద్దు ఇంకా పైకి పోతుంది. బాగా ఉన్నవారు అదే ప్రశ్న దగ్గర తేలికగా తెగించగలరు. సామాన్యుడిని కోటీశ్వరుణ్ణి చేస్తామనే ఆట నిజానికి సామాన్యుణ్ణే ముందుగా ఆగమంటుంది. ప్రముఖులు అతిథులుగా వచ్చి విరాళం కోసం ఆడే ఎపిసోడ్లలో తెగింపు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇక్కడే ఉంది. వారు పోగొట్టుకునేది తమ డబ్బు కాదు.

పోటీ పరీక్షల అలవాటు ఎందుకు బెడిసికొడుతుంది

ఈ షోల్లో పెద్ద మొత్తాలు గెలిచినవారిలో ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నవారు తరచూ కనిపిస్తారు. 2000లో కౌన్ బనేగా కరోడ్‌పతిలో తొలి కోటి గెలిచిన హర్షవర్ధన్ నవాథే అప్పటికి సివిల్స్‌కు సిద్ధమవుతున్న యువకుడు. 2001లో పిల్లల విభాగంలో కోటి గెలిచిన రవిమోహన్ సైనీ తర్వాత ఐపీఎస్ అధికారి అయ్యారు. తెలుగు రాష్ట్రాల్లో కూడా దరఖాస్తు చేసేవారిలో గ్రూప్స్, ఎస్సై పరీక్షల అభ్యర్థులు ఎక్కువే. హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రాల్లో, చిక్కడపల్లి గ్రంథాలయంలో చదివే చరిత్ర, పాలిటీ, కరెంట్ అఫైర్స్ హాట్ సీట్ సిలబస్‌కు దగ్గరగానే ఉంటాయి. దానికి తోడు సినిమా, క్రికెట్, పురాణాలు, వంటిల్లు కలుపుకోవాలి. కఠినమైన పరీక్ష పేపర్లు నమిలినవారు ఐదో ప్రశ్నలో ఒక పాట పల్లవి దగ్గర లైఫ్ లైన్ ఖర్చు పెట్టుకోవడం తరచూ జరిగేదే.

అసలు తేడా విషయంలో కాదు, తప్పు జవాబుకు పడే శిక్షలో ఉంది. సివిల్స్ ప్రిలిమ్స్‌లో తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నకు గుడ్డిగా జవాబు గుర్తిస్తే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్క ఆప్షన్‌ను కొట్టివేయగలిగినా ఊహించడం లాభసాటి. అభ్యర్థులకు కోచింగ్‌లో నూరిపోసే సూత్రం ఇదే: రెండు ఆప్షన్లు తొలగించగలిగితే తెగించు. హాట్ సీట్ మీద 25 లక్షల ప్రశ్నకూ, కోటి ప్రశ్నకూ ఇదే సూత్రం పాటిస్తే, మిగిలిన రెండింటి మధ్య 50 శాతం అవకాశంతో 55, 71 శాతం అవసరమైన చోట దూకినట్టవుతుంది. పరీక్షలో వంద ప్రశ్నల్లో కొన్ని పోయినా సర్దుకుంటాయి. ఇక్కడ ఒక్కటి పోతే ఆటే పోతుంది.

లైఫ్ లైన్లు: ఏది ఎప్పుడు

ఆడియన్స్ పోల్ మీద చాలామందికి చిన్నచూపు ఉంటుంది. స్టూడియోకు వచ్చిన జనానికి ఏం తెలుసన్నది అనుమానం. కానీ అమెరికా రూపం తొలి ఏళ్ల లెక్కల్లో ప్రేక్షకులు 91 శాతం సార్లు సరైన జవాబు వైపు మొగ్గారు. ఫోన్‌లో దొరికిన మిత్రులు మాత్రం సుమారు 65 శాతం సార్లే సరిగ్గా చెప్పారు. ఈ పోలికను యథాతథంగా తీసుకోవడానికి వీల్లేదు. ప్రేక్షకుల్ని సాధారణంగా మొదటి, మధ్య స్థాయి ప్రశ్నలకు అడుగుతారు, మిత్రుడిని కఠినమైన ప్రశ్నకు దాచుకుంటారు. అయినా జనం మాటలో బలం ఎక్కడి నుంచి వస్తుందో చూడటం ఉపయోగం.

వంద మందిలో 20 మందికే జవాబు తెలుసనుకుందాం. మిగిలిన 80 మంది తోచింది నొక్కితే నాలుగు ఆప్షన్లకూ తలా 20 ఓట్లు పడతాయి. తెలిసిన 20 మంది ఓట్లు కలిసి సరైన ఆప్షన్‌కు 40 అవుతాయి, మిగతావి 20 దగ్గరే ఉంటాయి. ఐదుగురిలో ఒకరికి తెలిసినా చాలు, తెర మీద గీత స్పష్టంగా పైకి లేస్తుంది. తెలియనివారి తప్పులు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడమే ఇందులోని కిటుకు.

ఆ తప్పులన్నీ ఒకే వైపు ఒరిగినప్పుడు ఇది పనిచేయదు. ఫ్రాన్స్ రూపంలో ఒకసారి భూమి చుట్టూ తిరిగేది ఏదన్న ప్రశ్నకు స్టూడియో ప్రేక్షకుల్లో ఎక్కువ మంది సూర్యుడికి ఓటు వేశారు. ఆకర్షించే తప్పు ఆప్షన్ ఉన్న ప్రశ్నల్లో, అంటే వినగానే ఇదే అనిపించే పేరు జాబితాలో ఉన్నప్పుడు, పోల్ నమ్మదగినది కాదు. అందరూ పాఠశాలలో చదివి మరచిన విషయాలకు, సినిమాలకు, ఆటలకు పోల్ మంచిది. చిన్న దేశపు రాజ్యాంగ సవరణ సంవత్సరం అడిగితే కాదు.

మిత్రుడికి ఫోన్ చేయడంలో చిక్కు వేరు. ఇచ్చేది 30 సెకన్లు. ప్రశ్న, నాలుగు ఆప్షన్లు చదివేసరికి సగం కాలం గడిచిపోతుంది. ఎవరికి ఏ విషయంలో పట్టుందో ముందే విభజించుకుని, ప్రశ్నను కుదించి చదవడం సాధన చేసినవారికే ఇది అక్కరకొస్తుంది. సాయం కోసం కాకుండా దీన్ని వాడినవారూ ఉన్నారు: 1999 నవంబరులో అమెరికాలో తొలి మిలియనీర్ అయిన జాన్ కార్పెంటర్ ఆఖరి ప్రశ్న దగ్గర తండ్రికి ఫోన్ చేసి, సాయం అక్కర్లేదు, గెలవబోతున్నానని చెప్పడానికే చేశానన్నాడు. ఇంటర్నెట్ వచ్చాక ఈ లైఫ్ లైన్ స్వరూపమే మారింది. అవతలివారు వెతికి చెప్పే వీలు పెరగడంతో 2010లో అమెరికా దీన్ని తొలగించింది. 2020లో కోవిడ్ వల్ల స్టూడియోలో ప్రేక్షకులు లేకపోవడంతో కౌన్ బనేగా కరోడ్‌పతిలో ఆడియన్స్ పోల్‌కు బదులు వీడియోలో మిత్రుడు కనిపించే పద్ధతి వచ్చింది.

రెండు తప్పు ఆప్షన్లను తొలగించే ఫిఫ్టీ ఫిఫ్టీ విషయంలో ఒక అపోహ ఉంది. మూడు తలుపుల్లో ఒకదాని వెనకే బహుమతి ఉండి, పోటీదారు ఒకటి ఎంచుకున్నాక వ్యాఖ్యాత మిగతావాటిలో ఖాళీ తలుపు తెరిచే ప్రసిద్ధ చిక్కుప్రశ్న విన్నవారు కొందరు, రెండు తప్పు ఆప్షన్లు పోయాక తాము ముందు అనుకున్నది వదిలి రెండోదానికి మారితే మేలని వాదిస్తారు. తలుపుల ఆటలో వ్యాఖ్యాత పోటీదారు ఎంచుకున్న తలుపును ఎప్పుడూ తెరవడు, అందుకే మారడం లాభం. ఇక్కడ కంప్యూటర్‌కు పోటీదారు మనసులో ఏముందో తెలియదు. అనుకున్న ఆప్షన్ కూడా తొలగిపోయే ప్రమాదం ఉండి అది నిలిచింది కనుక, అసలేమీ తెలియనివారికి మిగిలిన రెండింటికీ సమాన అవకాశమే.

అమెరికా జెపర్డీతో పోలిస్తే

1964లో మొదలైన 'జెపర్డీ' పూర్తిగా మరో తరహా ఆట. అక్కడ ముగ్గురు పోటీదారులు ఒకేసారి తలపడతారు, ఆప్షన్లు ఉండవు, బజర్ ముందు నొక్కినవారికే అవకాశం. వ్యాఖ్యాత చదవడం పూర్తయ్యే లోపు నొక్కితే పావు సెకను పాటు బజర్ స్తంభిస్తుంది. ముగ్గురికీ జవాబు తెలిసిన ప్రశ్నలే ఎక్కువ కనుక ఆ పావు సెకనే ఆటను తేలుస్తుంది. 2011లో ఐబీఎం కంప్యూటర్ వాట్సన్ ఇద్దరు మేటి విజేతలను ఓడించినప్పుడు దాని జ్ఞాపకశక్తితో పాటు బజర్ మీద తడబడని వేగం కూడా చర్చకు వచ్చింది.

రెండో తేడా, గెలిచినవారు మర్నాడు మళ్లీ ఆడవచ్చు. 2004లో కెన్ జెన్నింగ్స్ వరసగా 74 ఆటలు గెలిచి 25 లక్షల డాలర్లకు పైగా సంపాదించాడు. 2019లో జేమ్స్ హోల్జ్‌హౌర్ ఒకే ఆటలో 1,31,127 డాలర్లు గెలిచాడు. వృత్తిరీత్యా క్రీడా పందేలు కట్టే అతను పెద్ద విలువ ప్రశ్నలు ముందు తీసుకుని, పందెం కట్టే వీలున్న ప్రశ్న దొరికితే చేతిలోని డబ్బును తరచూ మొత్తంగా పెట్టేవాడు. అనేక ఆటలు ఆడేవారికి సగటు లెక్క పనిచేస్తుందనడానికి అతనే సాక్ష్యం. మన షోలో ఆ పద్ధతి అనుకరిస్తే రెండో అవకాశం ఉండదు.

ముందే రాసిపెట్టిన నాటకమా?

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. 1950ల్లో అమెరికాలో 'ట్వంటీ వన్' అనే షోలో పోటీదారులకు జవాబులు ముందే ఇచ్చారు. అందరి అభిమానం పొందిన చార్లెస్ వాన్ డోరెన్ 1959 నవంబరులో అమెరికా కాంగ్రెస్ ముందు ఈ విషయం ఒప్పుకున్నాడు. 1960లో క్విజ్ షోల ఫలితాన్ని ముందే నిర్ణయించడాన్ని నేరంగా చేస్తూ చట్టం వచ్చింది. బ్రిటన్‌లో మోసం వ్యతిరేక దిశలో జరిగింది. 2001లో సైనికాధికారి చార్లెస్ ఇంగ్రామ్ పది లక్షల పౌండ్లు గెలిచాడు. సరైన ఆప్షన్ చదివినప్పుడల్లా స్టూడియోలోంచి దగ్గు వినిపించిందని నిర్మాతలు పట్టుకున్నారు. 2003లో న్యాయస్థానం అతన్ని దోషిగా తేల్చింది, సొమ్ము చెల్లించలేదు.

మన దేశంలో వివాదం వచ్చింది హాట్ సీట్ మీద కాదు, ఎస్‌ఎంఎస్‌ల మీద. 2007 సీజన్లో ప్రేక్షకుల కోసం పెట్టిన 'హర్ సీట్ హాట్ సీట్' పోటీలో ఒక్కో సందేశానికి 2.40 రూపాయలు పడేది. బహుమతి ఉచితమన్న భ్రమ కల్పించి ఆ సొమ్మును ప్రేక్షకుల నుంచే రాబట్టారంటూ 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ కోటి రూపాయల దండన విధించింది. 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. తగిన సాక్ష్యం లేదన్నది అక్కడి నిర్ణయం. చట్టపరంగా అది ముగిసినా, నమోదు సందేశాల రుసుములో ఎవరికి ఎంత వాటా అన్న ప్రశ్న అడగదగినదే.

ఆడిషన్లో మనుషుల్ని కథ కోసం ఎంచుకోవడం, గంటల చిత్రీకరణను కత్తిరించి ఉత్కంఠ పెంచడం, వ్యాఖ్యాత జవాబు ప్రకటించే ముందు కావాలని ఆలస్యం చేయడం నాటకీయతే. జవాబులు ముందే ఇవ్వడం వేరే సంగతి. మొదటిది కనిపించినంత మాత్రాన రెండోది జరిగిందనలేం.

చేతికి ఎంత వస్తుంది

లాటరీలు, గేమ్ షోలలో గెలిచిన సొమ్ము మీద పన్ను 30 శాతం. 1961 ఆదాయపు పన్ను చట్టం 115బిబి సెక్షన్‌తో స్థిరపడ్డ పద్ధతి ఇది. జీతానికి ఉండే కనీస మినహాయింపు పరిమితి ఇక్కడ వర్తించదు. 80సి వంటి తగ్గింపులు లేవు, ముంబయికి వెళ్లిన ప్రయాణ ఖర్చు కూడా తీసివేయడం కుదరదు. గెలుపు 10,000 దాటితే చెల్లించేవారే 30 శాతం టీడీఎస్ మినహాయిస్తారు. 3.20 లక్షలు గెలిచిన, వేరే ఆదాయం లేని విద్యార్థికీ మొదటే 96,000 కోత పడుతుంది.

కోటి గెలిస్తే 30 లక్షలు కోసి 70 లక్షలు ఇస్తారు. చాలామంది లెక్క ఇక్కడితో ముగిసిందనుకుంటారు. 50 లక్షలు దాటిన ఆదాయానికి పన్ను మీద 10 శాతం సర్‌ఛార్జి, దాని మీద 4 శాతం సెస్సు ఉంటాయి. వేరే ఆదాయమేదీ లేదనుకున్నా మొత్తం పన్ను 34.32 లక్షలు. అంటే అందుకున్న 70 లక్షల్లోంచి మరో 4.32 లక్షలు విజేతే స్వయంగా కట్టాలి. చివరికి మిగిలేది 65.68 లక్షలు. జీతం కూడా ఉండి మొత్తం ఆదాయం కోటి దాటితే సర్‌ఛార్జి శ్లాబు మారుతుంది. బ్రిటన్‌లో ఇలాంటి బహుమతి మీద పన్నే లేదు. అమెరికాలో మామూలు ఆదాయంగా లెక్కిస్తారు.

2011లో బీహార్‌లోని మోతీహారికి చెందిన సుశీల్ కుమార్ 5 కోట్లు గెలిచినప్పుడు పన్ను పోగా మిగిలింది దాదాపు మూడున్నర కోట్లు. కంప్యూటర్ ఆపరేటర్‌గా చిన్న జీతానికి పనిచేస్తున్న ఆయన తర్వాతి కాలంలో డబ్బు ఎలా చేజారిందో 2020లో తానే బహిరంగంగా రాశారు. దానాల కోసం వెంటపడినవారు, మోసగించినవారు, వ్యసనం, దూరమైన చదువు అన్నీ అందులో ఉన్నాయి. తర్వాత ఉపాధ్యాయ వృత్తి వైపు, చంపారన్‌లో మొక్కలు నాటే పనివైపు మళ్లారు. గెలిచినవారి పేరు, ఊరు, మొత్తం ఒకేసారి కోట్ల మందికి తెలిసిపోవడం ఇలాంటి సొమ్ముకు ఉన్న ప్రత్యేక ప్రమాదం. వారసత్వంగా వచ్చిన ఆస్తికీ, వ్యాపార లాభానికీ ఆ బెడద ఉండదు.

షో పేరుతో వచ్చే సందేశాలు

ఆడనివారికి కూడా ఈ కార్యక్రమం నుంచి ఒక నష్టం ఉంది. కౌన్ బనేగా కరోడ్‌పతి పేరుతో 25 లక్షల లాటరీ తగిలిందంటూ వాట్సాప్‌లో ఆడియో, నకిలీ ధ్రువపత్రం పంపే ముఠాలు ఏళ్లుగా పనిచేస్తున్నాయి. చాలా సందేశాలు +92తో మొదలయ్యే పాకిస్తాన్ నంబర్ల నుంచి వస్తాయి. సొమ్ము విడుదలకు ముందు పన్ను, ప్రాసెసింగ్ రుసుము కట్టాలని అడగడం వీటి పద్ధతి. ఒకసారి కడితే మరో పేరుతో మళ్లీ అడుగుతారు.

పైన చెప్పిన టీడీఎస్ పద్ధతి తెలిసినవారికి ఈ మోసం వెంటనే దొరికిపోతుంది. నిజమైన బహుమతిలో పన్నును చెల్లించేవారే ముందు కోసుకుంటారు, విజేత నుంచి ముందుగా డబ్బు అడగరు. పైగా ఈ షోలో ఫోన్ నంబర్ల మీద తీసే లాటరీ ఏదీ లేదు, పోటీలో జవాబు చెప్పకుండా ఎవరికీ సొమ్ము రాదు. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే అవతలి ఖాతాలో సొమ్మును నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.